మెట్ల కింది చోటు

మెట్లు మలుపు తిరిగేచోట బకెట్టు గోడకు కొట్టుకుంది. సగం నీళ్లు రత్నాబాయి కాళ్ల మీదే పడ్డాయి. ఏ మెట్టు ఎక్కడ అరిగిందో ఆమె పాదాలకు తెలుసు. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఎక్కి దిగుతున్న మెట్లే. కానీ ఆ చీకట్లో పైనుంచి ఎవరు దిగుతున్నారో తెలిసే దారేది?

దిగింది పక్క గది గంగవ్వ. చేతిలో ఖాళీ డబ్బా, చెంపలో మిస్రీ, కాల్చి నూరిన పొగాకు.

"నోరు తెరిచి జర ఆవాజ్ ఇయ్యరాదే గంగవ్వా! దయ్యం లెక్క మీద పడుతున్నవ్."

"నోట్లె మిస్రీ ఉండె. ఎట్లియ్యాలె ఆవాజ్?" గంగవ్వ గోడకు ఒత్తుకొని దారి ఇచ్చింది. "పారింది నీళ్లే గద, నెయ్యి గాదు గద. పో, ఇంకో ఖేప్ ఎయ్యి. పంపు లేకుంటె మన రెక్కలే పంపు."

రత్నాబాయి మిగిలిన సగం నీళ్లతో పైకెక్కింది. 

శనివారం మధ్యాహ్నం మొదలైంది ఈ పీడ. దీపావళి వెళ్లిపోయి, సందూకుల్లోంచి చద్దర్లు బయటికి తీసి, పొద్దున్నే టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకొని కూర్చునే రోజులు. ఆ రోజుల్లో బొంబాయిలో వాన పడుతుందని ఎవరనుకుంటారు? సముద్రం మీద తుఫాను లేచిందని రేడియో చెప్పిన కాసేపటికే గాలి గల్లీలోకి జొరబడి, కప్పుల మీది రేకులను పాత కాగితాల్లా లేపింది. పొద్దుగూకేసరికి కరెంటు పోయి ఫోరస్ రోడ్డు చీకటి, ఫాక్‌లాండ్ రోడ్డు చీకటి. ఎన్నడూ దీపం ఆర్పని ఇళ్ల ముందు కూడా కందిళ్లు వేలాడాయి. ఇది జూన్‌లో వచ్చే వెచ్చటి వాన కాదు. ఒంటిమీద పడిన ప్రతి చుక్కా సూదిలా గుచ్చుతోంది. గాలి వేసిందంటే దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి.

వాళ్లుండే నర్సయ్య మేస్త్రి చాల్‌లో, ఒక్కో గదిలో ఒక్కో సంసారమున్న ఆ మేడలో, అన్నిటికంటే ముందు ఆగింది పంపు. పంపు ఆగితే పై అంతస్తుల్లో నల్లాలు ఎండిపోయాయి. వాకిట్లో ఉన్న ఒక్క నల్లా దగ్గర తెల్లవారకముందే బకెట్లు వరసగా నిలబడ్డాయి. తర్వాత ఆగింది నాగ్‌పాడాలో పిండిగిర్ని. జొన్నపిండి లేదు గనుక రొట్టె లేదు. బేకరీ పావ్ తిని తిని కడుపులు ఉబ్బాయి. గాసునూనె దుకాణం ముందు లైను మూలమలుపు దాటింది. మైనపు వత్తులు అమ్మేవాడు మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

రత్నాబాయి భర్త భూమయ్యది మున్సిపాలిటీలో మోరీలు తీసే పని. తుఫాను మొదలైనప్పటి నుంచి అతను డ్యూటీ మీదే ఉన్నాడు. ఇంటికి వచ్చి అన్నం తిని, ఆరని చొక్కానే మళ్లీ తొడుక్కొని పోతున్నాడు. పిల్లలు లేని ఇల్లు. నీళ్లు మోసే రెక్కలూ, నూనె తెచ్చే కాళ్లూ రత్నాబాయివే.

వాటన్నిటికంటే ఆమెను ఎక్కువ కాల్చుకు తింటున్నవి తాను చుట్టే బీడీలు. కరెంటు ఉంటే ఎంత ముసురు పట్టినా ఆమెకు భయం లేదు. దూలానికి కట్టిన పెద్ద బల్బును తాడు వదిలి కిందికి దించి, చాట మీద నిలబెట్టేది. ఆ వేడికి తంబాకు పొడిపొడిగా ఉండేది, చుట్టిన బీడీ కర్రలా బిగిసేది. ఇప్పుడు తునికాకు తానే చెమట పట్టినట్టుంది. తంబాకు చిటికెలో పట్టుకుంటే ముద్దై వేళ్లకు అంటుకుంటోంది. శుక్రవారం చుట్టిన బీడీల మూతుల దగ్గర అప్పుడే తెల్లటి బూజు మొదలైంది. ఆమె ఒక్కొక్కదాన్ని కొంగుతో తుడిచి, కుంపటి దగ్గర పెట్టి, అవి ఎండకపోగా ఆకు కాలిపోతుంటే తిట్టుకుంటూ వెనక్కి తీసింది. కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే చెక్కర్ బీడీని వేళ్ల మధ్య పెట్టి ఒక్కసారి నొక్కి చూస్తాడు. మెత్తగా తగిలిందా, కట్ట కట్టంతా విరిచి బుట్టలో పారేస్తాడు.

ఆదివారం సాయంత్రం నీళ్ల దగ్గర గంగవ్వ మొదలుపెట్టింది.

"ఇది ఉత్త వాన గాదు రత్నా. పోచమ్మ తల్లికి కోపమొచ్చింది. దసరాకు సాక పోస్తిమా? లేదు. అందరం సినిమాకు పోతిమి. చలికాలంల తుఫాను ఊకెనే వస్తదా?"

"మరి పొయ్యరాదు, ఎవలు వద్దన్నరు?"

"నేను పోస్తే నడుస్తదా? గూడు మీ ఇంటిది. మొదటి చెంబు మీ ఇంటి కోడలు పొయ్యాలె. తర్వాతనే మేం."

అది నిజమే. ఈ చాల్ కట్టిన రోజుల్లో మెట్ల పక్క గోడలో పోచమ్మ గూడును భూమయ్య తాత తన తాపీతో తానే తీశాడట. గూటికి ఎదురుగా వాకిట్లో ఒక బండరాయి ఉంటుంది. పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్లు, సాక అంటారు వాటిని, ఎప్పుడూ ఆ రాయి మీదే పోస్తారు. నీళ్లు పారి మోరీలోకి పోతాయి. తల్లి చల్లబడుతుంది. ఆ తర్వాత చాలా ఏళ్లకు కరెంటు వచ్చినప్పుడు, చెమ్మ తగలని గోడ అదొక్కటేనని, గదులన్నిటికీ కరెంటు పంచే ఇనుప డబ్బాను సరిగ్గా గూటి కిందే బిగించారు.

రత్నాబాయి పసుపు నీళ్లు కలుపుకొని దిగేసరికి వాకిట్లో మోకాటిలోతు నీళ్లున్నాయి. బండరాయి ఎక్కడుందో కనబడలేదు. నీళ్ల మీద చెప్పులూ కొబ్బరిచిప్పలూ తేలుతున్నాయి.

మెట్ల కింద, ఇటుకల మీద పలకలు పరిచి, వాటిమీద పిల్లను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది అంజమ్మ. దీపావళి తర్వాత పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఆమె, ఆమె భర్త పోచయ్య. నాగ్‌పాడాలో బిల్డింగు పని. చాల్‌కు పెద్దగా తిరిగే బక్కయ్య వాళ్లకు ఆ మెట్ల కింది చోటు ఇచ్చాడు. మెట్ల బల్బు నుంచి వైరు లాగి ఒక చిన్న బల్బు పెట్టుకోమని కూడా తానే చెప్పాడు. దానికి బదులుగా పొద్దున్నే వాకిలి ఊడ్చే పని అంజమ్మది.

"ఏయ్, ఆ దీపం పట్టుకొని ఇటు రా" అంది రత్నాబాయి.

అంజమ్మ పిల్లను చంకనేసుకొని బుడ్డి దీపం పట్టుకొని వచ్చింది. రాయి కనబడలేదు గనుక రత్నాబాయి చెంబు ఎత్తి నేరుగా గూట్లోనే పోయసాగింది. పసుపు నీళ్లు తల్లి ముఖం మీది నుంచి, గూటి అంచు మీది నుంచి గోడ వెంబడి కిందికి ధారలు కట్టాయి.

"అక్కా, కింద డబ్బా ఉన్నది. దాంట్లకు పోతున్నయి సూడు నీళ్లు."

"కరెంటే లేదు, డబ్బాకేమైతది? నువ్వు దీపం సక్కగ పట్టు."

"అది గాదక్కా, కరెంటొచ్చినంక..."

"మొన్నొచ్చినదానివి, మా తల్లికి యాడ పొయ్యాల్నో నువ్వు చెప్తవా నాకు?"

అంజమ్మ దీపం పైకెత్తి పట్టింది. రత్నాబాయి చెంబు వెనక చెంబు పోసింది. వెనకాల గంగవ్వ పోసింది, మూడో అంతస్తు మల్లవ్వ పోసింది. చివరికి అంజమ్మ దీపాన్ని మెట్టు మీద పెట్టి, గోడకు కారుతున్న తడిని వేలితో తీసి పిల్ల నుదుట రాసింది.

"మా పేరు గూడ చెప్పక్కా తల్లికి. వాన తగ్గి పని నడవాల్నని."

"చెప్త, చెప్త" అంది రత్నాబాయి, అప్పటికే మెట్లెక్కుతూ.

సోమవారం మధ్యాహ్నానికి వాన నిజంగానే తెరిపిచ్చింది. "సూసినవా?" అని గంగవ్వ గది గదికీ తిరిగి చెప్పింది. గాలి మాత్రం ఇంకా చల్లగానే కొడుతోంది. చీకటి పడుతుండగా ఫాక్‌లాండ్ రోడ్డు వైపు నుంచి ఒక కేక లేచింది. "ఆలీ రే ఆలీ! లైట్ ఆలీ!" అంటూ, లైటొచ్చిందని పిల్లల అరుపు ఒక చాల్ నుంచి ఇంకో చాల్‌కు పాకుతూ వచ్చింది. ఎదురు చాల్ కిటికీలు ఒక్కసారిగా పచ్చగా వెలిగాయి. నర్సయ్య మేస్త్రి చాల్‌లో అందరూ వరండాల్లోకి ఉరికొచ్చారు. రత్నాబాయి పరుగున పోయి బల్బు తాడు వదిలి, చాటను కిందికి లాగి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

మెట్ల దగ్గర ఠప్పుమని పేలింది. కాలిన రబ్బరు వాసన పైదాకా వచ్చింది. అంతే. గల్లీ మొత్తం దీపాల పండగలా ఉంది. వాళ్ల చాల్ ఒక్కటి నడుమ ఊడిన పన్నులా నల్లగా మిగిలింది.

మూడు రోజుల చీకటి భరించవచ్చు, ఊరంతటికీ చీకటైతే. ఎదురు చాల్‌లో రేడియో మోగుతుంటే, పంపు గుర్రుమంటుంటే, మన గదిలో బుడ్డి దీపం పొగ మింగుతూ కూర్చోవడం వేరు. జనం మెట్ల మీద దొర్లినట్టే దిగారు. కందిలి వెలుగులో చూస్తే ఇనుప డబ్బా మూత సందుల్లోంచి పొగ వస్తోంది. దాని పక్కనే, మెట్ల బల్బు నుంచి కిందికి వేలాడుతూ పోచయ్య వైరు.

"ఆ వైరే! ఇంకేముంది, ఆ వైరే గద!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని రత్నాబాయికి తర్వాత తెలిసింది. ఎండని బీడీలూ, మోసిన బకెట్లూ, పావ్ తిని ఉబ్బిన కడుపూ అన్నీ కలిసి అరిచినట్టు అరిచింది. ఆమె వెనక ఇంకా చాలా గొంతులు అందుకున్నాయి. పోచయ్య అప్పుడే పని నుంచి వచ్చి, సిమెంటు చేతులు కడుక్కుంటున్నాడు. ఎవరో అతని చొక్కా కాలరు పట్టి వెలుగులోకి లాగారు.

"చోరీ వైరు పెట్టి చాలంత కాలబెడుతవా రా?"

"చోరీ గాదన్నా. బక్కయ్య మామనే పెట్టుకోమన్నడు" అన్నాడు పోచయ్య, కాలరు విడిపించుకోకుండానే. "మామా, చెప్పరాదు!"

బక్కయ్య తలకు చుట్టిన మఫ్లరు సర్దుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ అంతమంది ముందు, అంత చీకట్లో, అవునంటే తన కాలరు మీదికి వస్తుంది.

"నేను చోటు ఇచ్చిన. వైరియ్యలే."

"నువ్వే గద మామా వైరు కొయ్యనీకి పకడ్ తెచ్చిచ్చినవ్!"

"ఏయ్, నోరు సంభాళించుకో. పాపం అని నీడ ఇస్తే ఇల్లు కాలబెడ్తిరి. రేపు పొద్దుగాల వైర్‌మన్ వస్తడు. మీ సామాను బయట ఉండాలె. అయిపోయింది."

అంజమ్మ పిల్లను రొమ్ముకు అదుముకొని మెట్టు పక్కన నిలబడింది.  రత్నాబాయి వైపు చూసింది. అప్పుడు రత్నాబాయి చూపు తనకు తెలియకుండానే గోడ మీదికి పోయింది. గూటి నుంచి డబ్బా మూత దాకా పసుపు ధారలు ఎండి, ఎవరో కుంచెతో గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. మూత అంచున ఒక వేపాకు అతుక్కుని ఉంది.



ఇప్పుడే చెప్పొచ్చు. "ఆగుండ్రి, నేను నీళ్లు పోసిన" అంటే సరిపోతుంది. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ ఆ గూడు ఎవరిది? మొదటి చెంబు ఎవరిది? రేపటి నుంచి నల్లా దగ్గర ఏ ఆడది ఏమంటుంది? ఇంతలో ఎవరో పోచయ్య వైరును గుంజి తెంపారు. ఇంకెవరో వాళ్ల పొయ్యిరాళ్లను కాలితో తన్నారు. అవి నీళ్లలోకి దొర్లాయి. రత్నాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెట్లెక్కింది.

భూమయ్య తడిసి వచ్చాడు. ఎదురు చాల్ వెలుగు వాళ్ల గోడ మీద పడుతోంది. ఆ వెలుగులోనే కంచం పెట్టింది. చింతపులుసు, చల్లారిన అన్నం. అతను రెండు ముద్దలు తిన్నాక మెల్లగా చెప్పింది.

అతను నమలడం ఆపాడు. "ఎవలెవలు చూసిండ్రు?"

"చూసుడేముంది. గంగవ్వ పోసింది, మల్లవ్వ పోసింది. ఆ పాలమూరు పిల్ల దీపం పట్టింది. డబ్బాలకు పోతున్నయి అక్కా అని చెప్పింది గూడ. నేనే ఇనలే."

"ఆ పిల్ల ఏం అనలే గద?"

"లేదు."

"మరి నీకెందుకు దురద? వైరు తప్పని అందరు ఒప్పుకున్నరు. మా తాత పెట్టిన గూడు. దాని మీదికి మాట తేకు." మళ్లీ ముద్ద కలిపాడు. కొంచెం ఆగి, "వాళ్లకేంది, కూలోళ్లు. ఈ గోడ గాకుంటె ఇంకో గోడ" అన్నాడు. అది తనకే నచ్చనట్టు గబగబా చెయ్యి కడుక్కొని లేచాడు. మోరీల డ్యూటీకి లారీ వచ్చే వేళయింది.

అతను వెళ్లాక రత్నాబాయి చాట ముందేసుకుంది. ఎదురు చాల్ వెలుగులో ఆకు కత్తిరించింది. రేకు కొలత పెట్టి కత్తిరించిన ఆకు ప్రతిదీ వంకరగా వచ్చింది. కింద ఎవరో పలకలు ఈడుస్తున్న చప్పుడు. పిల్ల దగ్గు. చుట్టిన బీడీని దారంతో బిగిస్తే చుట్టు విడిపోయి తంబాకు ఒళ్లో పడింది. కత్తెర విసిరికొట్టి, చద్దరు ముసుగుపెట్టి పడుకుంది.

మంగళవారం పొద్దున వైర్‌మన్ వచ్చాడు. నాగ్‌పాడాలో దుకాణం ఉన్న ముసలాయన. అప్పటికే పది చాళ్లు తిరిగి విసిగిపోయి ఉన్నాడు. వాకిట్లో నీళ్లు చీలమండల దాకా దిగాయి. మళ్లీ చినుకులు పడుతున్నాయి. పోచయ్య తన మేస్త్రి దగ్గరికి, బిల్డింగు మీద పడుకోనిస్తాడేమో అడగడానికి పోయాడు. అంజమ్మ మూట పెట్టుకొని గేటు కమాను కింద నిలబడి ఉంది. జనమంతా మెట్ల మీద వరసగా కూర్చున్నారు.

వైర్‌మన్ డబ్బా మూత తెరవగానే లోపలి నుంచి పచ్చటి నీళ్లు ధారగా కారి ఆయన చెప్పుల మీద పడ్డాయి. కాలిన ఫ్యూజుల మీద మెత్తటి పసుపు మడ్డి, వేపాకులు. ఆయన వేలితో తీసి వాసన చూశాడు.

"యే క్యా హై? హల్దీ? డబ్బే మే కఢీ పకాయా క్యా తుమ్ లోగ్?"

డబ్బాలో మజ్జిగపులుసు వండారా అన్నందుకు ఒక పిల్లాడు నవ్వాడు. పెద్దవాళ్లెవరూ నవ్వలేదు. గంగవ్వ చెంపలోని మిస్రీని ఇటు నుంచి అటు మార్చుకుంది. మల్లవ్వ గోడవైపు తిరిగింది.

"అది వదిలెయ్, చాచా" అన్నాడు బక్కయ్య. "ఆ చోర్ వైరుతోనే కాలింది గద?"

"వైర్ సే క్యా హోతా? జీరో కా బల్బ్. పానీ గయా అందర్. పానీ!"

వైరుదేం తప్పు లేదు, నీళ్లే లోపలికి పోయాయన్న మాట విననట్టు బక్కయ్య మఫ్లరు సర్దుకున్నాడు. రత్నాబాయి మెట్టు మీది నుంచి లేచింది.  

"బక్కయ్య మామా, నీళ్లు నేను పోసిన. ఐతారం నాడు. రాయి మునిగిందని గూట్లనే సాక పోసిన. అంజమ్మ వద్దన్నది. నేనే ఇనలే. వాళ్ల వైరుది తప్పు లేదు. వాళ్లను ఉండనియ్యి."

 తిడతారని ఆమె సిద్ధపడింది. నల్లా దగ్గర తన బకెట్టును పక్కకు తన్నుతారని కూడా సిద్ధపడింది.

"ఛీ! నోట్లె మన్ను వొయ్య!" అని లెంపలేసుకుంది గంగవ్వ. "ఏం మాటే అది? తల్లి నీళ్లు కాలబెట్టినయంటవా?"

"నువ్వు గూడ పోసినవ్ గద!"

"పోసిన. మంచిగ పోసిన. పోస్తేనే వాన తెరిపిచ్చింది. సాక చల్లజేస్తది, కాలబెట్టదు. ఎన్నడన్న ఇన్నమా?"

"అది నిజం" అన్నాడు బక్కయ్య. అతని గొంతులో ఎంత నిమ్మళమో! "తల్లి అడ్డం పడ్డది గనకనే ఫ్యూజు వరకే కాలింది. లేకుంటె ఆ వైరుకు చాలంత బూడిదైతుండె. రత్నా, నీది మెత్తటి మనసు. వాళ్ల పిల్లను చూసి ఇట్ల అంటున్నవ్. గానీ తల్లి మీద నింద వెయ్యకు. లెంపలేసుకో."

"నేను అబద్ధం చెప్తున్ననా? గోడ మీద చూడుండ్రి, కనబడతలేదా?"

అందరూ గోడ వైపు చూశారు. చూసి, ఒకరి వెనక ఒకరు చేతులు జోడించారు. మల్లవ్వ కొంగు పరిచి గూటికి మొక్కింది. రెండో అంతస్తు సాయిలు అయితే డబ్బాలోంచి కారిన పచ్చటి నీళ్లను కళ్లకద్దుకున్నాడు. "పహిలే మెయిన్ బంద్ కరో, బాద్ మే పూజా" అని, మొక్కులు తర్వాతన్నట్టు, వైర్‌మన్ వాళ్లను పక్కకు తోశాడు. గుడ్డతో తుడిచి, కాలినవి పీకి కొత్తవి బిగించి, పోచయ్య వైరు మిగిలిన ముక్కను కూడా కత్తిరించి జేబులో వేసుకున్నాడు. తుడిచిన గుడ్డను బక్కయ్య అడిగి తీసుకొని భక్తిగా మడతపెట్టాడు.

లైటు వచ్చింది. మెట్ల బల్బు, వరండా బల్బులు, పైన ఎవరిదో రేడియో. పంపు రెండుసార్లు దగ్గి గుర్రుమంది. ఆడవాళ్లు బకెట్లు ఎత్తుకొని నవ్వుకుంటూ మెట్లెక్కారు. చాల్ అంతా ఒక్క నిమిషంలో ఖాళీ అయింది. రత్నాబాయి మాట మీద ఒక్కరికీ కోపం కూడా మిగల్లేదు. అదే ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆమె గేటు దగ్గరికి పోయింది.

"ఇన్నవ్ గద అంజమ్మా? చెప్పిన నేను."

"ఇన్న." అంజమ్మ పిల్ల తలమీద చీర చెంగు లాగింది. "నిన్న మా ఆయన కాలర్ పట్టినప్పుడు చెప్పుంటే ఇనేటోళ్లేమో. కరెంటు లేకుండె గద, అందరి చెవులు తెరిచుండె. ఇయాల లైటొచ్చింది. ఇంకెవలకు పట్టింది?"

"నువ్వన్న చెప్పకపోతివి నిన్న?"

"నేనా?" అంజమ్మ ఆమెను మొదటిసారి చూసినట్టు చూసింది. "నేను చెప్తే, తల్లి గూడు మీద నింద వేసిందని ఇంకో నాలుగు తన్నేటోళ్లు. నీకైతే మెత్తటి మనసని పేరొచ్చింది."

 చినుకులు గాలికి ఏటవాలుగా కమాను లోపలికే కొడుతున్నాయి. పిల్ల ఉండి ఉండి దగ్గుతోంది. వెనక మెట్ల కింద బక్కయ్య ఒక పాత తలుపు ముక్కను అడ్డం పెట్టి చూస్తున్నాడు. చేతిలో తాళం, గొలుసు.

ఆమె గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. గదిలో పెద్ద బల్బు చాట మీద వెలుగుతోంది. అప్పుడే వేడెక్కిన ఆకు నుంచి కమ్మటి వాసన వస్తోంది. మూడు రోజులుగా ఆ వాసన కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత స్విచ్చు ఆపేసి, చాటను నడుముకెత్తుకొని, తంబాకు డబ్బా చంకలో పెట్టుకొని దిగింది.

బక్కయ్యను పక్కకు జరగమనలేదు. ఆయన చేతి కింది నుంచి వంగి మెట్ల కిందికి దూరింది. పలకలు తడిగా ఉన్నాయి. వాటి మీదే చతికిలబడి, చాట ఒళ్లో పెట్టుకుంది.

"ఏందిది?" అన్నాడు బక్కయ్య.

"బీడీలు."

"గదిల లైటొచ్చింది గద నీకు? ఇక్కడ చీకట్ల కూసుని ఏం చేస్తవ్?"

"నా చేతులకు తెలుస్తది."

నిజంగానే తెలుస్తుంది. ఆకు మెత్తదనం వేలికి తెలుస్తుంది, చిటికెడు తంబాకు బరువు వేలికి తెలుస్తుంది. చుట్టి, మూతి మడిచి, దారం పళ్లతో పట్టి బిగించింది. బక్కయ్య గొలుసును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నీళ్లకు దిగిన గంగవ్వ ఆగి వంగి చూసింది.

"పిచ్చి లేచిందా నీకు? లే, మందిల నవ్వులపాలు."

"నవ్వుకో పో. నోట్లె మిస్రీ పడకుండ నవ్వు."

"భూమయ్య మామకు తెలిస్తే..."

"తెలువనియ్యి. ఆయన గూడ ఈడికే వచ్చి తింటడు అన్నం."

"ఎంతసేపు కూసుంటవ్ రత్నా?" బక్కయ్య గొంతు తగ్గించాడు. "నాకు పనుంది."

"పోయి చేసుకో. నేనేడికి పోతున్న?"

ఇంకో బీడీ. ఇంకోటి. మెట్ల మీద ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. తలమీద పాదాల చప్పుడు. ప్రతి పాదానికీ పైనుంచి దుమ్మూ తడీ కలిసి ఆమె మెడ మీద రాలుతోంది. ఇన్నాళ్లు తాను దిగినప్పుడల్లా ఇదే రాలి ఉంటుంది కింద. వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయి. దారం ముడి రెండుసార్లు జారింది. పళ్లు బిగబట్టి మళ్లీ కట్టింది.

గేటు దగ్గర నుంచి నీళ్లలో అడుగుల చప్పుడు వచ్చింది. అంజమ్మ మూట నెత్తిన, పిల్లను చంకన పెట్టుకొని వచ్చి నిలబడింది. బక్కయ్య వైపు చూడలేదు. మూటను పలక చివర దించి, రత్నాబాయి ఒళ్లోని చాటను ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టి, ఖాళీ అయిన ఆ ఒడిలో పిల్లను పడేసింది.

"ఊకెనే కూసోకు. పట్టు" అంది. "పొయ్యిరాళ్లు నీళ్లల్ల ఉన్నయి. ఏరుకొస్త."

చీర కుచ్చెళ్లు దోపుకొని వాకిట్లోకి దిగింది. చెయ్యి ముంచి నీళ్ల అడుగున వెతకసాగింది. రత్నాబాయి తంబాకు అంటిన వేళ్లు పిల్లకు తగలకుండా పైకెత్తి పట్టుకొని, మోచేతులతోనే దాన్ని దగ్గరికి లాక్కుంది. పిల్ల గుడ్డ తడిసి ఉంది. ఆ తడి చీరలోంచి తొడలకు దిగుతుంటే, కదలకుండా కూర్చుంది.